స్లాబు పెచ్చులూడుతోంది, సంక్రాంతి వరకు ఆగొచ్చా?

నరసన్నపేట_అబ్బాయి | ఆగస్టు 4, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట ఇంట్లో అమ్మా నాన్నా ఇద్దరే ఉంటున్నారు. 1996లో కట్టిన డాబా, కింద మూడు గదులు, పైన ఖాళీ. మొన్న శనివారం వెళ్ళి చూస్తే కడుపు తరుక్కుపోయింది. వంటగది స్లాబు కింద రెండు చోట్ల పెచ్చులూడి రాడ్లు బయటికి కనిపిస్తున్నాయి. నాన్న పడుకునే గదిలో ఫ్యాన్ చుట్టూ గోధుమరంగు మరక, దాని పక్కనే సన్నటి బీట. పడమటి గోడ నేల నుంచి మోకాలి ఎత్తు దాకా చెమ్మ, రంగు పొక్కులు పొక్కులుగా లేస్తోంది. బాత్‌రూమ్ ద్వారబంధం అడుగున వేలితో నొక్కితే మెత్తగా ఉంది. డాబా మీద ఒక మూల నీళ్ళు నిలుస్తున్నాయి, పిట్టగోడలో రావి మొక్క మొలిచింది.

నాన్న మాట ఏమిటంటే, "వానల్లో పని ఎవడు చేస్తాడు, సంక్రాంతికి ముందు అన్నీ ఒక్కసారే చేయించి రంగులు వేసేద్దాం." రంగుల మేస్త్రీ కూడా పుట్టీ పెట్టి రెండు కోట్లు వేస్తే ఏమీ కనపడదని భరోసా ఇచ్చాడు. నా దగ్గర ఇప్పుడు ఎనభై వేలున్నాయి. అన్నీ ఒకేసారి కావు. ఏది ముందు, ఏది ఆగుతుంది?

తాపీపని_35ఏళ్ళు | ఆగస్టు 4, రాత్రి 10:15

బాబూ, "ఏమీ కనపడదు" అన్నాడు చూశారా, ఆ మాట మాత్రం నిజం. కనపడదు. లోపల జరిగేది జరుగుతూనే ఉంటుంది.

ముందు ఒక పని చెయ్యండి. నాన్నగారి మంచం ఆ ఫ్యాన్ కిందనుంచి రేపు పొద్దున్నే జరిపించండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

పూల్‌బాగ్_కాలనీ | ఆగస్టు 4, రాత్రి 10:31

మేస్త్రీ గారు భయపెడుతున్నారేమో అనుకోకండి. విజయనగరంలో మా పక్కింట్లో పోయినేడు ఫ్యాన్ తిరుగుతుండగా దాని చుట్టూ ఉన్న గిలాబా పళ్ళెమంత ముక్క ఊడిపడింది. మధ్యాహ్నం కాబట్టి కింద ఎవరూ లేరు.

రాజాం_సివిల్ | ఆగస్టు 4, రాత్రి 11:02

నేను సివిల్ ఇంజనీర్‌ని. (మా రాజాం 2022లో శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాలోకి వెళ్ళిపోయింది కాబట్టి ఈ చర్చలో రెండు వైపులా మాట్లాడే హక్కు నాకుందని మనవి.)

ఫ్యాన్ కొక్కెం సంగతి ఎందుకంత గట్టిగా చెబుతున్నారంటే, దాన్ని స్లాబు రాడ్లకు తగిలించి కాంక్రీటు పోస్తారు. రాడ్డు తుప్పు పట్టిందంటే కొక్కేనికీ పట్టి ఉంటుంది. పైగా ఫ్యాన్ బరువు ఊరికే వేలాడే బరువు కాదు, రోజంతా ఊగుతూ వణికే బరువు.

తుప్పు ఎందుకు అంత ప్రమాదమో చెబుతాను. ఇనుము తుప్పుగా మారితే అది అంతకుముందు ఆక్రమించిన చోటుకి రెండు నుంచి ఆరు రెట్లు ఉబ్బుతుంది. కాంక్రీటుకు నొక్కితే ఓర్చుకునే బలం ఉంది కానీ లోపలినుంచి తోస్తే ఓర్చుకోలేదు. అందుకే మొదట రాడ్డు వెంబడే తిన్నటి బీట వస్తుంది, తర్వాత గోధుమ మరక, తర్వాత పెచ్చు. పెచ్చు ఊడాక రాడ్డును కప్పే పొరే లేదు, నేరుగా తడిగాలి తగులుతుంది. అక్కడినుంచి వేగం పెరుగుతుంది. మీ నాన్నగారి గది బీట దశలో ఉంది, వంటగది పెచ్చు దశకు వచ్చేసింది. ఐదు నెలల్లో బీట పెచ్చు కావొచ్చు. ఖర్చు కూడా ఆ లెక్కనే పెరుగుతుంది.

ఇంకో చిన్న పరీక్ష. ఒక కర్ర తీసుకుని స్లాబు కింద అంతటా మెల్లగా తట్టుకుంటూ వెళ్ళండి. గట్టి చోట ఠంగుమంటుంది, పొర విడిపోయిన చోట డొల్లగా బొబ్ బొబ్ అంటుంది. డొల్ల పలికిన చోటల్లా సుద్దముక్కతో గీత గీయండి. నెత్తిన ఏదైనా కట్టుకుని, పక్కకు నిలబడి తట్టండి.

నరసన్నపేట_అబ్బాయి | ఆగస్టు 5, ఉదయం 7:20

మంచం జరిపించాను, ఆ ఫ్యాన్ వేయొద్దన్నాను. నాన్న "పాతికేళ్ళుగా పడని ఫ్యాన్ ఇప్పుడు పడుతుందా" అంటున్నారు. ఒకటి రాయడం మర్చిపోయాను. వంటగదిలో తడి గోడ మీదున్న స్విచ్‌బోర్డు ముట్టుకుంటే అమ్మకు అప్పుడప్పుడు చుర్రుమంటోందట. చెప్పులేసుకుని వేస్తోందట.

కరెంటు_మాస్టారు | ఆగస్టు 5, ఉదయం 7:48

మర్చిపోయానని ఎంత తేలిగ్గా రాశావు నాయనా! ఇది మిగతా అన్నిటికంటే ముందు. స్లాబుకు వారం టైముంది, దీనికి లేదు.

ఇప్పుడే ఫోన్ చేసి ఆ బోర్డుకు వెళ్ళే ఎంసీబీ (ఆ లైనుకు కరెంటు ఆపే స్విచ్) దింపించు. ఏది ఆ బోర్డుదో తెలియకపోతే మెయిన్ కట్టేయమను. ఈరోజే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించు. అతను చూడాల్సినవి: బోర్డు లోపల పచ్చగా చిలుము పట్టిన కనెక్షన్లు, పైపులోకి దిగిన నీళ్ళు, ఎర్తింగ్ ఉందా లేక పేరుకే గుంట తీసి వదిలేశారా. 1996 నాటి ఇళ్ళలో ఎర్తు తీగ బోర్డు దాకా వచ్చి, గుంటలో మాత్రం తెగిపోయి ఉండటం నేను లెక్కలేనన్ని చూశాను. మన దగ్గర ఎర్తు గుంట పక్కనే వానాకాలం నాలుగు నెలలూ నీళ్ళు, తీగను తుప్పు తినేస్తుంది.

తర్వాత 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించు. ఎంసీబీ తీగ కాలిపోకుండా కాపాడేది, మనిషిని కాపాడేది కాదు. మనిషి ఒంటిగుండా కరెంటు భూమిలోకి పారితే కన్నుమూసి తెరిచేలోపు పడిపోయేది ఆర్‌సీసీబీ. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కాలి. తడి గోడలున్న ఇంట్లో అది ఊరికే పడిపోతోందని కొందరు పీకించేస్తారు. ఊరికే పడదు. ఎక్కడో లీకవుతోందని చెబుతోంది.

ఉద్దానం_కొబ్బరి | ఆగస్టు 5, ఉదయం 9:05

చెప్పులేసుకుని స్విచ్ వేసే ఇల్లు మా కవిటి వైపు వీధికొకటి ఉంటుంది మాస్టారూ. అలవాటైపోయింది.

నరసన్నపేట_అబ్బాయి | ఆగస్టు 5, రాత్రి 8:55

ఎలక్ట్రీషియన్ వచ్చాడు. మాస్టారు రాసినట్టే ఎర్తు తీగ గుంటలో లేదు. బోర్డు ఎదుటి పొడి గోడ మీదికి మార్చాడు, కొత్త ఎర్తు, ఆర్‌సీసీబీ. తొమ్మిది వేల చిల్లర అయింది. చాలా థాంక్స్ మాస్టారూ, అమ్మ మీకు నమస్కారం చెప్పమంది.

మిగిలింది డెబ్బై వేలు. స్లాబు కింద ముందు చేయించాలా, పైన డాబా ముందా?

కూల్‌పెయింట్_డీల్స్ | ఆగస్టు 5, రాత్రి 9:30

సార్, పైన మా తెల్లపూత ఒక్కటి వేస్తే చాలు, కింద ఏమీ చేయక్కర్లేదు. పదేళ్ళ గ్యారంటీ. మెసేజ్ పెట్టండి.

తాపీపని_35ఏళ్ళు | ఆగస్టు 5, రాత్రి 9:52

ఈ బాబు ప్రతి చర్చలోకీ ఇదే డబ్బా పట్టుకొస్తాడు. తడి స్లాబు మీద పూత వేస్తే లోపలి తడి ఎటు పోతుంది? పైకి దారి మూసేశాక కిందికే దిగుతుంది. రాడ్ల మీదికి. పూత పొక్కు లేచి రెండో వానాకాలానికి చేత్తో లాగితే తోలులా వచ్చేస్తుంది.

వరస చెబుతాను వినండి. నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో ఆ దారి ముందు. తర్వాత కింద పెచ్చులు. రంగులు ఆఖర్న, అదీ గోడ పూర్తిగా ఆరాక. మనవాళ్ళు సరిగ్గా తలకిందులుగా చేస్తారు. పండగ వస్తోందని రంగుతో మొదలుపెడతారు.

గుజరాతీపేట_మేడ | ఆగస్టు 5, రాత్రి 10:10

ఒప్పుకుంటున్నా. శ్రీకాకుళంలో మా ఇంటికి మూడేళ్ళలో రెండుసార్లు రంగులు వేయించాం, ఆ డబ్బుతో డాబా మొత్తం బాగయ్యేది. మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

రాజాం_సివిల్ | ఆగస్టు 5, రాత్రి 11:20

మేస్త్రీ గారి వరసతో నాకు పేచీ లేదు. కానీ ఇది ఆగస్టు. డాబా పూర్తిగా ఎండితే తప్ప వాటర్‌ప్రూఫింగ్ పూత వేయకూడదు, అది నిజమే. అలాగని జనవరి దాకా చేతులు కట్టుకుని కూర్చోవాలా? మీ నాన్నగారి వాదన ఇక్కడే దారి తప్పుతోంది.

మనకు నైరుతి వానలు ముగిసే వేళకు వచ్చే తుఫాన్లను గుర్తు చేసుకోండి. ఫైలిన్ 2013 అక్టోబరు 12. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12. తిత్లీ 2018 అక్టోబరు 11, అదీ పలాస దగ్గరే తీరం దాటింది. గులాబ్ 2021 సెప్టెంబరు 26, కళింగపట్నం దగ్గర. సంక్రాంతి దాకా ఆగడమంటే ఆ అక్టోబరు గండాన్ని నీళ్ళు నిలిచిన డాబాతో దాటడం.

అందుకని ఇప్పుడు చేయగలిగినవి చేసేయండి. నీళ్ళు పోయే గొట్టాల నోళ్ళు శుభ్రం చేయించడం, రావి మొక్క తీయించడం, నీళ్ళు నిలిచే మూల వాటం సరిచేయడం, పిట్టగోడ అడుగున బీటలు మూయడం. ఇవన్నీ వాన ఆగిన నాలుగు రోజుల్లో అయ్యే సిమెంటు పనులు. కింద స్లాబు రిపేరు ఇంటిలోపలి పని, దానికి వానతో సంబంధం తక్కువ. పైపూత మాత్రం డిసెంబరులో.

ఉద్దానం_కొబ్బరి | ఆగస్టు 6, ఉదయం 6:40

తిత్లీకి మా ఇంటి పెంకులు సగం లేచిపోయాయి. ఆ ఏడాది జూన్‌లోనే వాసాలు పుచ్చాయని మా అమ్మ చెబుతూనే ఉంది, కొబ్బరి డబ్బు రానీ అని మా నాన్న వాయిదా వేశాడు. కొబ్బరి చెట్లే లేకుండా పోయాయి తర్వాత. పెంకుటిల్లు ఉన్నవాళ్ళు చూరు చివరి వరస పెంకులు, దూలం గోడలో దిగే చోటు ఏటా వానలకు ముందే చూసుకోవాలి. గాలి ముందు పట్టుకునేది చూరునే.

బొబ్బిలి_వీణ | ఆగస్టు 6, ఉదయం 8:15

రావి మొక్క విషయంలో ఒక సలహా. మా అత్తగారు వేరు దగ్గర రాళ్ళుప్పు, ఇంగువ పెట్టి చంపేవారు. బాగా పనిచేస్తుంది.

రాజాం_సివిల్ | ఆగస్టు 6, ఉదయం 8:40

అక్కా, దయచేసి ఇంటి మీద ఉప్పు వద్దు! యాసిడ్ కూడా వద్దు. మొక్క చస్తుందేమో గానీ ఆ ఉప్పు నీళ్ళతో కలిసి కాంక్రీటులోకి దిగి రాడ్లను తినేస్తుంది. ఉప్పులోని క్లోరైడే ఇనుముకు అసలు శత్రువు. సముద్రం పక్క ఇళ్ళు మిగతా వాటికంటే త్వరగా పాడయ్యేది అందుకే. తీరప్రాంతం కాంక్రీటులో రాడ్డును కప్పే పొర 45 మిల్లీమీటర్లు ఉండాలని కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. పాత ఇళ్ళలో స్లాబు పగలగొడితే అందులో సగం కూడా కనపడదు.

పైపైన కోస్తే రావి మళ్ళీ మొలుస్తుంది. బీటను ఉలితో తెరిచి వేరు చివరిదాకా లాగాలి, తర్వాత కన్నాన్ని పాలిమర్ కలిపిన సిమెంటుతో నింపాలి. వేరు పిట్టగోడ కిందనుంచి స్లాబులోకి దూరి ఉంటే నీళ్ళకు అదే రాచబాట.

బొబ్బిలి_వీణ | ఆగస్టు 6, ఉదయం 8:52

అయ్యో, మా ఇంట్లో రెండుసార్లు పెట్టాం. మేడ మీదికి వెళ్ళి చూసొస్తాను.

చెదలమందు_చిన్నోడు | ఆగస్టు 6, మధ్యాహ్నం 1:30

బాత్‌రూమ్ ద్వారబంధం గురించి ఎవరూ మాట్లాడలేదు. అన్నా, వేలితో నొక్కితే మెత్తగా ఉందంటే రెండు కారణాలు. నీళ్ళకు నానిన కుళ్ళు లేదా చెదలు. స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. లోపల మట్టి రాలితే చెదలు. మొదటి వానలప్పుడు దీపం చుట్టూ ఉసిళ్ళు (రెక్కల చెదలు) మూగి, పొద్దున్నే కిటికీ గట్టు మీద రెక్కలు కుప్పగా కనిపించాయా? ఆ రెక్కలు ఇంటి లోపలే రాలితే పుట్ట దగ్గర్లోనే ఉన్నట్టు.

గోడ మీద చెదల మట్టి బాట కనపడగానే చాలామంది చీపురుతో దులిపేసి ఊరుకుంటారు. అవి ఇంకో దారిన వస్తాయి. గోడ అంచున నేలలో రంధ్రాలు వేసి మందు ఎక్కించాలి. అయితే ఒక మాట, నా వ్యాపారానికి నష్టమైనా చెబుతాను. నీటి లీకు ఆపకుండా మందు కొట్టించకండి. చెమ్మ ఉన్నంతకాలం చెదలు వస్తూనే ఉంటాయి, నన్ను పిలుస్తూనే ఉంటారు.

పూల్‌బాగ్_కాలనీ | ఆగస్టు 6, మధ్యాహ్నం 2:05

వ్యాపారస్థుడి నోట ఇలాంటి మాట ఈ చర్చల్లో మొదటిసారి విన్నాను.

పడమటి గోడ చెమ్మ మాకూ ఉండేది. మూడేళ్ళు వాటర్‌ప్రూఫ్ పుట్టీలు, టైల్స్ అంటించడం, అన్నీ అయ్యాయి. టైల్స్ అంటిస్తే చెమ్మ ఇంకో అడుగు పైకెక్కింది. చివరికి తేలిందేమిటంటే వీధిలో సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా దాని మీదే వేశారు. రోడ్డు ఎత్తు పెరిగి ఇల్లు గుంటలో పడింది. వాన నీళ్ళు గోడ పక్కన నిలిచి పునాదిలోంచి పైకి పీల్చుకుంటున్నాయి. గోడ చుట్టూ పోగైన మట్టి తీయించి, రెండడుగుల వెడల్పున బయటికి వాటంతో సిమెంటు గచ్చు పోయించాం. ఒక్క ఎండాకాలంలో గోడ ఆరింది. పూర్తిగా అనను, కానీ రంగు నిలిచింది.

నరసన్నపేట_అబ్బాయి | ఆగస్టు 6, రాత్రి 9:15

మాదీ అచ్చం ఇదే! మా గుమ్మానికి మూడు మెట్లు ఉండేవి, ఇప్పుడు ఒక్కటే మిగిలింది. ఇన్నాళ్ళూ ఆ రెండూ ఎటు పోయాయని ఆలోచించనే లేదు.

అది కింది చెమ్మా, లేక గాల్లో తేమ వల్ల వచ్చిందా అని ఎలా తెలుసుకోవాలి?

రాజాం_సివిల్ | ఆగస్టు 6, రాత్రి 9:40

జానెడు ప్లాస్టిక్ కవరు నాలుగు అంచులా టేపుతో గోడకు అంటించి ఒకటి రెండు రోజులు వదిలేయండి. కవరు లోపలి వైపు తడి పడితే గోడలోంచి వస్తోంది. బయటి వైపు పడితే గాల్లోది, కిటికీలు తెరిచి, బీరువా గోడకు జానెడు దూరం జరిపితే చాలావరకు పోతుంది.

తాపీపని_35ఏళ్ళు | ఆగస్టు 6, రాత్రి 10:05

ఇక స్లాబు కింద పని. చేసేవాడి మీద కన్నేసి ఉంచకపోతే మోసపోయేది ఇక్కడే. పెచ్చు ఊడిన చోట సిమెంటు మెత్తేసి రంగు వేసి డబ్బు పట్టుకుపోతారు. ఆరు నెలలకు ఆ మెత్తిందే నెత్తిన పడుతుంది.

డొల్ల పలికిన చోటంతా గట్టి కాంక్రీటు తగిలేదాకా చెక్కాలి. రాడ్డు చుట్టూ, వెనక వేలు దూరేంత ఖాళీ చేయాలి. వైరు బ్రష్‌తో ఇనుము మెరిసేదాకా రుద్దాలి. మరీ సన్నబడిన రాడ్డు ఉంటే పక్కన కొత్తది కట్టాలి, అది నాలాంటి మేస్త్రీ తేల్చేది కాదు, ఇంజనీరు చూడాలి. తుప్పు పట్టకుండా ఆపే మందు పూసి, పాత కాంక్రీటుకు అతుకు మందు రాసి, అది బంకగా ఉండగానే పాలిమర్ సిమెంటు పొరలు పొరలుగా పెట్టాలి. చెక్కేటప్పుడు కింద సెంట్రింగ్ కర్రలు ఊతం పెట్టమనండి. ఊతం లేకుండా మొదలుపెట్టేవాణ్ణి మొదటిరోజే పంపించేయండి.

ఇసుక వంశధారదో నాగావళిదో అడిగి మరీ తెప్పించండి. చౌకగా వస్తోందని సముద్రం వైపు ఇసుక తెస్తే ఉప్పును డబ్బిచ్చి కొనుక్కున్నట్టే.

గుజరాతీపేట_మేడ | ఆగస్టు 6, రాత్రి 10:20

డెబ్బై వేలకు ఇదంతా అవుతుందా?

తాపీపని_35ఏళ్ళు | ఆగస్టు 6, రాత్రి 10:34

వంటగది, నాన్నగారి గది, పైన మూల, రావి వేరు అయిపోతాయి. గోడ చుట్టూ గచ్చు కూడా లాగొచ్చు. ద్వారబంధం ఆగుతుంది, ప్రస్తుతానికి బాత్‌రూమ్ నీళ్ళు దాని మీదికి రాకుండా గట్టు కట్టించండి. రంగులు ఈ పండక్కి లేవు. పండక్కి ముగ్గులేసుకోండి.

నరసన్నపేట_అబ్బాయి | అక్టోబరు 19, రాత్రి 8:30

చాలా రోజులకు రాస్తున్నాను, క్షమించండి. సెప్టెంబరులో పని మొదలైంది. మధ్యలో మేస్త్రీ విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవానికని వెళ్ళి ఐదు రోజులు రాలేదు, నాన్నకు టెన్షన్, నాకు ఫోన్ల మీద ఫోన్లు.

రావి వేరు బొటనవేలంత లావున పిట్టగోడ కిందనుంచి మూరెడు లోపలికి పాకి ఉంది. సరిగ్గా దాని కిందే నాన్న గది మరక. నీళ్ళు నిలిచే మూలకు, ఆ మరకకు సంబంధమే లేదు. ఆ మూల నీళ్ళు వంటగదిలో దిగుతున్నాయి. మేమంతా అటుది ఇటు అనుకున్నాం.

ఫ్యాన్ విప్పాక మేస్త్రీ కొక్కేన్ని పట్టుకుని కొంచెం బలంగా ఊపాడు. చేతిలోకి వచ్చేసింది. ఒక కాలు పూర్తిగా తుప్పు తినేసింది, రెండోది పుల్లంత మిగిలింది. నాన్న ఏమీ మాట్లాడలేదు. పాత ఇనుము వాడికి వేస్తానంటే వద్దన్నారు, కాగితంలో చుట్టి బీరువా మీద పెట్టుకున్నారు.

పడమటి గోడ ఇంకా ఆరలేదు. కవరు పరీక్షలో లోపలి వైపే తడి పడింది. గచ్చు పోయించి మూడు వారాలే అయింది, వేసవి దాకా చూస్తాను.

కరెంటు_మాస్టారు | అక్టోబరు 19, రాత్రి 8:41

ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ ఈ నెల నొక్కారా?

నరసన్నపేట_అబ్బాయి | అక్టోబరు 19, రాత్రి 8:44

అమ్మ ప్రతి ఒకటో తారీఖునా నొక్కుతోంది మాస్టారూ. ఇల్లంతా ఒక్కసారి చీకటైతే నాన్న టీవీ ఆగిపోయిందని అరుస్తున్నారు.